మంచు వెనక కొండ

తెనాలి, శనివారం

కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. బాపట్లలో కంప్యూటర్ షాపున్న ప్రభు అన్నయ్యే తెచ్చి, సాయంత్రం బిగించి వెళ్ళాడు. మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచీ దీని కోసమే ఎదురుచూశాను.

ముందుగా అక్కా నేనూ ఆడిన పాత పడవ గేమే తెరిచాను. అప్పట్లో మా కంప్యూటర్ తట్టుకోలేదని సెట్టింగులన్నీ తగ్గించి ఆడేవాళ్ళం. అక్క పడవ నడిపేది, నేను పక్కన కూర్చుని దారి చెప్పేదాన్ని. నది మలుపు తిరిగిందంటే అంతా మంచే. ఈరోజు సెట్టింగులన్నీ పూర్తిగా పెంచితే ఆ మంచు లేదు. దూరంగా నీలం కొండ, దాని మీద దీపం వెలుగుతున్న ఇల్లు. ఇన్నేళ్ళూ అవి అక్కడే ఉన్నాయన్నమాట.

వెంటనే రేపల్లెకి, అక్కకి వీడియో కాల్ చేశాను. ఆసుపత్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, నర్సు యూనిఫాం ఇంకా మార్చుకోలేదు. ఫోనుని కంప్యూటర్ వైపు తిప్పి చూపించాను. అక్క మొహం ఫోనుకి దగ్గరగా పెట్టి చూసింది.

"ఆ ఇంట్లో ఎవరుంటారే?" అంది.

"తెలీదక్కా. ఇంకా వెళ్ళలేదు."

"వెళ్ళకు. నేనొచ్చాక వెళ్దాం. పడవ నేనే నడుపుతా."

అంతలో వాళ్ళ పాప ఏడ్చింది. అక్క ఫోను పెట్టేసింది.

రేపల్లె ఎంత దూరమని, రైలెక్కితే వచ్చేయొచ్చు. కానీ డ్యూటీలు, పాప, వాళ్ళింట్లో పనులు... పెళ్ళయ్యాక తను ఇక్కడ తీరిగ్గా కూర్చున్నదే లేదు.

పడవని మలుపు దగ్గరే ఒడ్డుకి చేర్చి గేమ్ ఆపేశాను. ఎప్పుడొస్తావని అడగాలనుకున్నాను. అడిగితే రాలేనని చెప్పేస్తుందేమోనని అడగలేదు.