మేనత్త ఎందుకు పడిపోతోంది?

కలుంగు

చెల్లి నన్సికొంబికి అక్క దీవెనలు.

ప్రభువు దయవల్ల అందరం బాగున్నాం. నేను మాత్రం పడిపోతున్నాను. ఉన్నట్టుండి మోకాళ్లు వదిలేస్తాయి. తెలివి ఉంటుంది, అన్నీ వినిపిస్తాయి, కాళ్లే నా మాట వినవు. కాసేపటికి లేస్తాను. మలేరియా లేదు, షుగరు లేదు. భయం లేదు గానీ, ఎందుకో తెలుసుకోవాలని ఉంది. నువ్వు గులు ఆసుపత్రిలో నర్సువి కదా, చెప్పు.

తమ్ముడి కూతురు నజ్జుక పెళ్లిమాటల వేడుక దగ్గరపడింది. మేనత్తగా అందరి ముందూ నిలబడి పెళ్లికొడుకును ఒప్పుకోవలసింది నేనే. అక్కడ పడితే ఈ ఇంట్లో మూర్ఛరోగం ఉందంటారు. సంబంధం పోతుంది.

నీ అక్క,
నబ్బోస

తా.క.: మొన్న పెళ్లికొడుకు తాతగారి ఒళ్లోకి మన కోడి ఎక్కింది. ఆయనకు మోకరిల్లబోతున్నదాన్ని పూర్తిగా కూలాను. "ఎంత మర్యాద!" అని మురిసిపోయాడు.


గులు

అక్కకు నమస్కారాలు.

ఇది నీరసమే. నువ్వు చేసే ఉపవాసాలు మానెయ్. దేవుడేమైనా నిన్ను తినొద్దన్నాడా? అరటికాయ ఉడకబెట్టుకుని, వేరుశనగ పులుసు పోసుకుని కడుపునిండా తిను.

నీ చెల్లి

తా.క.: మా డాక్టరుగారు ఇవాళ రోగి గుండె విని, "చాలా ప్రశాంతంగా ఉంది" అన్నారు. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకోలేదు.


కలుంగు

చెల్లికి దీవెనలు.

తిన్నాను. బలం వచ్చింది. బలంగానే పడ్డాను, నీ ఉత్తరం చివర చదువుతూ.

అక్క


గులు

అక్కా, నమస్కారాలు.

నా ఉత్తరం చదువుతూనా? అయితే కారణం దొరికింది. ఆసుపత్రి కాగితానికి మందుల వాసన! ఈ ఉత్తరాన్ని ఎండలో ఆరబెట్టు. దూరం నుంచి ఎవరిచేతైనా చదివించుకో. అప్పటికీ తగ్గకపోతే మసాకా పట్నంలో డాక్టరుకు చూపించుకో.

చెల్లి

తా.క.: స్టెతస్కోపు సంగతి మా డాక్టరుగారికి చెప్పాం. "అందుకేనా ఈ మధ్య రోగులంతా ప్రశాంతంగా ఉంటున్నారు!" అన్నారు.


కలుంగు

చెల్లికి దీవెనలు.

ఆరబెట్టాను. పక్కింటి నంపీమా అరటితోట అవతల నిలబడి అరిచి చదివింది. ఆమె నవ్వింది, నేను పడ్డాను. వాసన అంత దూరం రాదు కదా.

మసాకా వెళ్లాను. డాక్టరు అన్నీ అడిగాడు. మీ డాక్టరు కథ చెప్పాను. అతను నవ్వాడు. నేను అతని బూట్ల మీద పడ్డాను. అప్పుడు తెలిసింది. నవ్వొస్తే నా కండరాలు వదిలేస్తాయట. దానికో పేరుంది, మందుంది. మూర్ఛ కాదు.

వేడుకలో నవ్వకూడదనుకున్నాను. పెళ్లికొడుకు తరఫున మాట్లాడే పెద్దమనిషి ఎన్ని హాస్యాలాడినా నేను లోపల జపం చేసుకుంటూ నిలబడ్డాను. "అత్తగారూ, మావాడు నచ్చలేదా? మీ మొహం చూసి మేం కానుకగా తెచ్చిన మేకలు కూడా భయపడుతున్నాయి!" అన్నాడు. అయినా నవ్వలేదు. కానుక చాలలేదేమోనని ఇంకో రెండు మేకల్ని తోలుకొచ్చారు. నజ్జుక ఏడవడం మొదలుపెట్టింది.

ఇక లాభం లేదని నిజం చెప్పేశాను. "నవ్వితే పడతాను. జబ్బు. అంటుకోదు."

హాస్యాలాడిన ఆ పెద్దమనిషి తనవాళ్ల వైపు తిరిగి, "ముందు పరుపు తెండ్రా! నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి" అన్నాడు.

నవ్వాను. పడ్డాను. పరుపు ఇంకా రాలేదు. పెళ్లికొడుకే ముందు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

ఒప్పుకున్నాను.

నీ అక్క,
నబ్బోస

తా.క.: ఎక్కువ వచ్చిన మేకల్ని తిరిగిచ్చేయాలా అని ఫాదరుగారిని అడిగాను. ఆయన నవ్వారు. నేను లేచేసరికి వెళ్లిపోయారు. మేకలు ఇక్కడే ఉన్నాయి.