పాస్టరమ్మ గారి ఇంటి భత్యం

పన్నుల శాఖ ప్రాంతీయ అధికారి గారి సముఖమునకు,
న్యూ లెమ్మర్, అయోవా నుండి.

అయ్యా,

విషయం: కీర్తిశేషులు పాస్టర్ గెరిట్ డైక్‌హౌస్ గారి భార్య ఎల్వినా గారికి ఇంటి భత్యం మీద పన్ను మినహాయింపు కొనసాగించుట గురించి.

ఈ చుట్టుపక్కల పాస్టర్ల పన్ను రిటర్నులు తయారుచేసి బతుకుచున్న డ్వేన్ కూయ్‌మన్ అను నేను విన్నవించుకొనునది:

1. పాస్టరు గారు రిటైరైన పిమ్మట సంఘపు పింఛను నిధివారు వారి పింఛనును ఇంటి భత్యముగా నిర్ణయించినారు. ఇంటికి ఖర్చయినంత మేరకు పన్ను లేదు. మొన్న శీతాకాలమున వారు ప్రభువు సన్నిధికి చేరిరి. ఇప్పుడు భార్యకు అందులో సగమే వచ్చుచున్నది. ఇల్లు అదే, ఇంటి అప్పూ అదే. అయినను ఆమె పాస్టరు కానందున మొత్తం మీద పన్ను పడును. ప్రభుత్వ వృద్ధాప్య పింఛను తనకు వద్దని పాస్టరు గారు వయసులో ఉండగా మనస్సాక్షికి కట్టుబడి రాసి ఇచ్చిరి. అట్లు రాసినది వెనక్కు తీసుకొనుటకు వీలులేదు. అందువలన ఆమెకూ అది రాదు, వేరే ఆధారము లేదు.

2. తమ కార్యాలయమునకు ఫోన్ చేసితిని.

"ఆవిడ పాస్టరా?" అని అడిగినారు.

"పాస్టరమ్మ."

"అంటే భార్యే కదండీ. కుదరదు."

3. ఆ ఫోనులో చెప్పుటకు వీలుపడనిది ఇక్కడ రాయుచున్నాను. పాస్టరు గారికి గొంతులో క్యాన్సరు వచ్చి ఆపరేషను జరిగినది. ఆ తరువాత మొదటి ఆదివారం గుడిలో ఆయన ప్రసంగానికి లేచి నిలబడి నోరు తెరిచారు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. పాటలకు ఆర్గాన్ వాయించే ఎల్వినా గారు లేచి వెళ్ళి, ఆయన చేతిలోని ప్రసంగం కాగితం తీసుకుని చదివారు. ఆయన ఆమె పక్కనే నిలబడ్డారు. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా వాక్యం చెప్పింది ఆమే. కొన్నాళ్ళకు చేతిలో కాగితం కూడా లేదు. ఆ మాటలు ఆమెవేనని అందరికీ తెలుసు. అంతకుముందు పాస్టరు గారి ప్రసంగానికైతే మేము నిద్రపోయేవాళ్ళం. మా నాన్నను మంచులో పాతిపెట్టిన రోజు సమాధి దగ్గర మాట్లాడిందీ ఆమే. తరువాత వంటింట్లోకి వెళ్ళి వచ్చినవాళ్ళకు పందిమాంసం పెట్టిన హామ్ బన్నులు సర్దిందీ ఆమే.

4. ఆమె చేసినది పాస్టరు పనేనని ధ్రువపత్రము కోరుతూ సంఘపెద్ద వెర్లిన్ హాఫ్‌స్ట్రా గారి పందుల కొట్టము వద్దకు పోయితిని. ఆయన గొట్టంతో బూట్లు కడుక్కుంటున్నారు.

"ఆవిడ వాక్యం చెప్పలేదని నేననను డ్వేన్. మా అమ్మను సాగనంపింది ఆవిడే. కానీ కాగితం మీద పెడితే? మనలో ఆడవాళ్ళకు పాస్టరుగా అభిషేకం లేదు. పై సంఘంవాళ్ళ కంట పడితే మన సంఘాన్నే తీసి పారేస్తారు."

"మరి అన్నేళ్ళూ ఎలా కూర్చుని విన్నారు?"

"ఆయన రాసింది చదువుతోందనుకున్నాం."

"మీరలా అనుకోలేదు వెర్లిన్ గారూ."

ఆయన గొట్టం రెండో బూటు మీదికి తిప్పారు. "అనుకోలేదులే," అన్నారు. సంతకం మాత్రం పెట్టలేదు.

5. ఎల్వినా గారు మేడగదులు మూసేసి మంచం వంటింట్లో వేసుకున్నారు. "పొయ్యి దగ్గర వెచ్చగా ఉంది, మెట్లెక్కే బాధా తప్పింది," అంటారు. ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఈ అర్జీ సంగతి చెబితే, "ఎందుకు నాయనా? ఇదంతా బయటపడితే ఆయన్ని చేతకానివాడంటారు," అన్నారు. ఆమె వద్దన్నా రాస్తున్నాను.

అభిషేకమో అనుమతిపత్రమో లేనిదే చట్టము ఎవరినీ పాస్టరుగా ఎంచదు. నిబంధనలో ఎక్కడైనా సందు ఉంటుందేమోనని వెదికితిని. లేదు. మినహాయింపు ఇవ్వ వీలుకానిచో, పైన రాసినది తమ కార్యాలయములో ఎవరో ఒకరు పూర్తిగా చదివినారని ఆమెకు ఒక ముక్క రాయవలెనని, తమరు దీనిని చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
డ్వేన్ కూయ్‌మన్

తా.క. రిటర్ను చట్ట ప్రకారమే నింపి, మొత్తం పన్ను చూపి జతచేసితిని. సంతకం పక్కన వృత్తి రాయవలసిన గడి ఉంది. ఏం రాయమంటారని అడిగాను. ఆమె కలం పట్టుకుని చాలాసేపు ఆ గడినే చూశారు. తరువాత కలం నా చేతికి తిరిగి ఇచ్చేసి, "గృహిణి అని రాయి నాయనా," అన్నారు. రాశాను.