తెగులు కావలెను

నీ చిక్కుళ్ళకు ఒక్క మచ్చ కూడా లేదే చిట్టితల్లీ. ముందు ఈ మాట విను, దీవెనలు తర్వాత.

నలభై రకాల చిక్కుళ్ళు వరుసకొకటి చొప్పున మన చేలో నాటి, పుల్లల మీద నంబర్లు రాసి, "నాన్నా, గింజలు ఎండేదాకా జాగ్రత్తగా చూసుకో" అని వెళ్ళావు. చూసుకున్నాను. నిన్ను చూసుకున్నదానికంటే బాగా చూసుకున్నాను. ఇక్కడ ముసురు పట్టి తువ్వాలు కూడా ఆరడం లేదు. మీ మామయ్య చేలో ఆకులన్నీ తుప్పు తెగులుతో పాత రేకుల్లా ఉన్నాయి. నేను ఊరుకుంటానా? వారానికి రెండుసార్లు మందు కొట్టాను. గట్టువారగా నువ్వు నంబరు లేకుండా విడిగా వేసిన రెండు వరుసలు తెగులుపట్టి నీ పరువు తీస్తుంటే, వేళ్ళతో సహా పీకి తగలబెట్టాను. ఈ సంగతి ఇప్పటికి పద్నాలుగుమందికి చెప్పాను.

ఇట్లు, సంతోషంతో చొక్కా బిగుతైపోయిన మీ నాన్న.

తా.క. ఇరవైమూడో వరుస మాత్రం బక్కచిక్కి ఉంది. దాని మొహానికి మందు దండగని ఒక్క చుక్క కొట్టలేదు. పీకబోతే మీ అమ్మ, "నీ కూతురూ పుట్టినప్పుడు ఇలాగే ఉంది, వదిలెయ్" అంది.

*

నాన్నకు నమస్కారం.

నీ ఉత్తరం చదివి కూలబడ్డాను, ఇంకా లేవలేదు. నాన్నా, నాకు కావలసిందే తెగులు. ఎడతెగని వానలో, తేమలో ఏ చిక్కుడు తట్టుకుంటుందో తేల్చాలనే మన చేను ఎంచుకున్నాను. నువ్వు కాల్చేసిన ఆ రెండు వరుసలూ మిగతావాటికి తెగులు అంటించడానికి నేను ఏరికోరి పెట్టుకున్నవి. నెలాఖరుకు అధికారులు వస్తారు. తట్టుకున్న రకం ఒక్కటైనా చూపించకపోతే నా ఏడేళ్ళ పని మూసేస్తారు. మందు ఆపు. ఎలాగైనా తెగులు తెప్పించు.

ఇట్లు, నీ చిట్టి.

తా.క. తప్పు నాదే. నీకు పని అప్పగించేటప్పుడు "జాగ్రత్తగా" అనే మాట అనకూడదు.

*

చిట్టికి, తల దించుకున్న నాన్న రాయునది.

తెగులు కోసం మీ మామయ్య గుమ్మం ఎక్కాను. "బావా, ఉప్పు అడిగినవాళ్ళని చూశాను, నిచ్చెన అడిగినవాళ్ళని చూశాను. తెగులు అడగొచ్చినవాడివి నువ్వొక్కడివే" అన్నాడు. మొన్న ఆయన చేను చూసి, "ఇది చేనా, పాత ఇనప సామాన్ల కొట్టా" అన్నాను కదా, అది మనసులో పెట్టుకున్నాడు. "టీ కొట్టులో పదిమంది ముందు నా తెగులంత మేలైన తెగులు లేదని చెప్పు, ఇస్తాను" అన్నాడు. చెప్పాను. వినపడలేదని మళ్ళీ లేచి నిలబడి చెప్పమన్నాడు. నీకోసం అదీ అయింది. గోనెసంచెడు ఆకులు తెచ్చి వరుసవరుసకీ దులిపాను.

ఇట్లు, నీ నాన్న.

తా.క. వారమైనా ఒక్క మచ్చ రాలేదు. "నీ చేతికి మంచీ అంటదు, చెడూ అంటదు" అంటోంది మీ అమ్మ.

*

నాన్నకు,

అధికారులు గురువారం బయల్దేరుతున్నారు. నేను బల్ల సొరుగులు సర్దుకుంటున్నాను.

నీ చిట్టి.

తా.క. "మీ నాన్నగారి చేలో ఒక్క మచ్చ లేదటగా" అన్నాడు మా పై అధికారి. ఆ పద్నాలుగుమందిలో ఆయనెలా ఉన్నాడు?

*

అన్నీ చచ్చాయే చిట్టితల్లీ. మందు ఆపాక, కొట్టినది కాస్తా వానకి కడుక్కుపోగానే తెగులు విరుచుకుపడింది. ముప్పైతొమ్మిది వరుసలూ మోడులే. నా ఆనందం ఏమని రాయను.

ఇరవైమూడు మాత్రం నిలబడింది. కాయలు గలగలలాడుతున్నాయి. కళ్ళజోడు అధికారి పెదవి విరిచి, "మీరు మందు కొట్టారటగా, ఇది మందు చలవేమో" అన్నాడు. "అయ్యా, మందు తాగినవన్నీ పోయాయి. దీనికి ఒక్క చుక్క పొయ్యలేదు. ఇది బతుకుతుందని నేనే అనుకోలేదు" అన్నాను. ఆ మాటే రాయించి సంతకం పెట్టించుకున్నాడు. అంటే నా తెలివితక్కువతనం ఇప్పుడు ఆఫీసు కాగితాల్లో ఉంది. నీ పని ఆగదట తల్లీ. సొరుగులు మళ్ళీ నింపుకో.

ఇట్లు, నీ నాన్న.

తా.క. ఈ కబురు వెంటనే చెప్పవలసినవాళ్ళు: మీ పెద్దమ్మ. మీ చిన్నాన్న, కాస్త గట్టిగా. నీది మట్టి పిసికే ఉద్యోగమన్న మీ అత్తయ్య, రెండుసార్లు. మచ్చ లేదని నేను చెప్పిన ఆ పద్నాలుగుమంది. అన్నీ చచ్చాయని, అది మంచికేనని, నిదానంగా. మామయ్యకి అక్కర్లేదు, "ఆ తెగులు నాదే" అని ఊరంతా ఆయనే చెప్పుకొస్తున్నాడు. మీ అమ్మకి తెలుసు, అయినా నువ్వే రాయి. నేను ఆ మాట ఎత్తితే, "పీకబోయిందెవరు" అని మొదలెడుతుంది.