అవతలికి మడిచిన విస్తరి

మారేడ్‌పల్లి, సెప్టెంబరు 1948

వెనక గదిలో చనిపోయిన తాత తిరుగుతున్నాడని చెప్పి, నానమ్మ వారం నుంచి అక్కడ విస్తట్లో అన్నం పెడుతోంది. ఇవాళ పెరట్లో పారేసిన ఆ ఎంగిలి విస్తరి నా కంటబడింది. అవతలివైపుకు మడిచి ఉంది. దినాల భోజనంలో తప్ప మా ఇంట్లో ఎవరూ అలా మడవరు. నాకు మడవడం నేర్పిందే తాత. ఆయన పొరబడడు. గడియ తీశాను.

లోపల పక్కింటి రజియా. మిలిటరీ వచ్చినప్పటినుంచి వాళ్ల ఇంటికి తాళమే.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ఊరు జెర సల్లబడనీ," అంది వెనక నుంచి నానమ్మ. నాకు ముందే చెబితే ఏం పోయేది?

వాళ్ల నాన్న జాడ ఇంకా తెలియలేదు...

రేపు అన్నం నేనే తీసుకెళ్తాను. విస్తరి తనవైపుకు మడవమని రజియాకు చెప్పాలి. అలా మడిచినవాళ్లు మళ్లీ ఆ ఇంట భోంచేస్తారని తాత అనేవాడు.