వంటింటి స్విచ్చి

జమ్మలమడుగు,
గురువారం.

ప్రియమైన ఆనందన్నకు,

ప్రభువు కాపుదలలో క్షేమంగా ఉన్నాను.

నువ్వు పంపిన ల్యాప్‌టాప్‌కు ఛార్జింగ్ ఎక్కడం లేదంటే తిప్పి పంపమన్నావు. పంపను, అన్నా. దానిలో లోపం లేదు. ప్రొద్దుటూరులో రిపేరు చేసే పాలయ్య తన అంగట్లో పెట్టి చూపించి, "బాగనే ఎక్కుతాంది గదక్కా, మీ ఇంట్లో యాడ పెడతాండావు?" అన్నాడు. నాయన రేడియో పెట్టుకున్న ప్లగ్గులో అని చెబుతుంటేనే గుర్తొచ్చింది.

పార్టీల గొడవల రోజుల్లో జీపు చప్పుడు వినబడితే ఇంట్లో ఎవరూ లేనట్టు వసారా లైటు, రేడియో ఒకేసారి ఆగిపోవాలని నాయన రెండింటికీ కలిపి వంటింట్లో ఒక స్విచ్చి పెట్టించాడు కదా. "పాపా, ఆర్పు" అనేవాడు మెల్లగా. పాట సగంలో ఆగేది. మిగతా సగం చీకట్లో నువ్వు నా చెవిలో పాడి నవ్వించేవాడివి. నాయన పోయాక రేడియో తీసేశాం, వసారా బల్బు మాడిపోయి ఏళ్లయింది. స్విచ్చిని మాత్రం ఆనాటి అలవాటుగా నేను ఆర్పే ఉంచుతున్నాను.

ఇప్పుడు వేశాను, ఛార్జింగ్ ఎక్కుతోంది. ఇందాక వీధిలో జీపు పోతే చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. ప్రార్థన చేసుకుని వెనక్కి తీసుకున్నాను.

నువ్వు ఊరు విడిచి పన్నెండేళ్లు. ఆదివారం ఆరాధన కాగానే ఈ ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ చేసి నీ ముఖం చూస్తాను. పాట ఈసారి మొత్తం పాడు.

నీ చెల్లెలు