బాధ్యుల గడిలో నా పేరు

మార్చి 4

మా ఆయన సినిమా కంపెనీలకి లొకేషన్లు చూస్తారు. రోడ్డు మీదో బస్టాండులోనో షూటింగ్ పెట్టుకుంటే ముందుగా తిరిగి పర్మిషన్లు తెచ్చేది ఆయనే. నిన్న మేడ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. మంచం దిగకూడదట. పదహారో తారీకున ఫ్లైఓవర్ కింద షూటింగ్ ఉంది. ఈలోగా పర్మిషన్ రాకపోతే ఆ పనికి ఇంకొకరిని చూసుకుంటామని మేనేజర్ ఫోన్‌లో చెప్పాడు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

నేను వెళ్తానన్నాను. ఎలా అన్నానో నాకే తెలీదు. కూరగాయల దగ్గర బేరం కూడా ఆడలేను నేను. అత్తయ్య నవ్వారు. నోట్లో నాలుక లేనిదానివి, పోలీసాఫీసులో ఏం మాట్లాడతావే అన్నారు. ఏడో తరగతి దాకా చదివాను, అర్జీ రాయగలను అన్నాను. అక్కడ రాయడం కాదే పిల్లా, అరవాలి అన్నారు.

మార్చి 5

ట్రాఫిక్ ఆఫీసుకి వెళ్లాను. బెంచీ మీద కూర్చుని వచ్చాను. ఎవరినీ ఏమీ అడగలేదు.

మార్చి 6

మా ఆయన రాత్రి కిటుకు చెప్పారు. రేపు రమ్మంటే లేచి రాకూడదట. రేపు ఎన్నింటికండీ అని అడిగి, అక్కడే కూర్చోవాలట. అలాగే అడిగాను. గుమస్తా మొదటిసారి తలెత్తి చూశాడు. రోడ్డు మాది, ఫుట్‌పాత్ కార్పొరేషన్‌ది అన్నాడు. మరి ఫుట్‌పాత్ మీద బండ్లు పెట్టుకున్నవాళ్లు ఎవరి కిందికి వస్తారండీ అన్నాను. వాళ్లు ఎవరి కిందికీ రారమ్మా, అందుకే వాళ్లకి అభ్యంతరం లేదని సంతకాలు పట్టుకురా, తర్వాత ఏడుపులు మేం వినలేం అన్నాడు.

మార్చి 8

ఫ్లైఓవర్ కింద మూడు బండ్లున్నాయి. గొడుగులు బాగుచేసే తాత, పాత పుస్తకాల మనిషి వెంటనే సంతకం పెట్టారు. తాళంచెవులు చేసే ఆవిడ మాత్రం నన్ను ఎండలో నిలబెట్టింది. అందరూ తాళాల పిన్ని అంటారట. కిందటేడు కూడా ఇదే కంపెనీ పేరు చెప్పి ఒకడొచ్చి ఇలాగే చేతులు కట్టుకుని అడిగాడమ్మా అంది. పొద్దున్నే వాడి మనుషులు బండి ఈడ్చుకెళ్లి మురుగుకాలవ పక్కన పడేశారట. తాళాలు కోసే మిషను వంగిపోయింది, ఆ వేసవంతా పస్తులే అంది. నువ్వు వాడికేమవుతావని అడిగింది. ఆ కంపెనీకి పర్మిషన్లు తెచ్చేది మా ఆయనే, ఆ ఒకడు ఎవరో నాకు అర్థమైంది. భార్యనన్నాను. ఎగాదిగా చూసింది.

మీ బండి అంగుళం కదలదు పిన్నీ, మాటిస్తున్నాను అన్నాను. నీ మాట ఎవడు వింటాడే తల్లీ అంటూనే వేలిముద్ర వేసింది.

ఇంతవరకూ నేను ఎవరికీ మాటిచ్చిన జ్ఞాపకం లేదు. ఎవరూ అడగలేదు కూడా.

మార్చి 11

మేనేజర్ ఫారం పట్టుకుని ఇంటికొచ్చాడు. అందులో, షూటింగ్ చోట ఎవరు బాధ్యులో రాసే గడి ఒకటుంది. మా ఆయన తన పేరు రాయబోతే ఆపాడు. మీ ఆవిడ పేరు రాసెయ్యవోయ్, రేపేదైనా అయితే రెండు కన్నీటిబొట్లు రాలిస్తే పోలీసులే ఇంటికి పంపేస్తారు అన్నాడు.

అతను వెళ్లాక మా ఆయన వివరించారు. ఈ ఫీల్డులో అంతేనట. ఆ గడిలో డైరెక్టర్ పేరో ప్రొడ్యూసర్ పేరో ఎప్పుడూ ఉండదట. వాచ్‌మన్‌దో డ్రైవర్‌దో రాస్తారు. కూరలో కరివేపాకు పేరన్నమాట అన్నారు.

నా పేరు గుండ్రంగా, పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను.

మార్చి 13

పర్మిషన్ వచ్చింది. పదహారున ఉదయం ఆరు నుంచి పది వరకు.

మార్చి 16, మధ్యాహ్నం

ఇంకా అన్నం తినలేదు. ముందు ఇది రాస్తాను.

డైరెక్టర్ కెమెరాలో చూసి మొహం చిట్లించాడు. ఆ చెత్తంతా తీయించండి అన్నాడు. చెత్త అంటే బండ్లు. ఇద్దరు మనుషులు వెళ్లి తాళాల బండి పట్టుకున్నారు. పిన్ని అరవలేదు. నావైపు చూసింది. తిట్టినా బాగుండేది.

ఆగండన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మేనేజర్ దగ్గరికెళ్లి కదపనని మాటిచ్చానండీ అన్నాను. నువ్వెవరమ్మా మాటివ్వడానికి, పక్కకెళ్లి టీ తాగు అన్నాడు.

పక్కకే వెళ్లాను. అక్కడ బందోబస్తు ఎస్సై నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో పర్మిషన్ కాపీ ఉంది. బాధ్యుల గడి మీద వేలు పెట్టి, ఇది నేనేనండీ, షూటింగ్ ఆపమంటున్నాను అన్నాను. పేరేంటమ్మా అన్నాడు. చెప్పాను. కాగితంలో చూసుకున్నాడు. నేరుగా వెళ్లి కెమెరా ముందు నిలబడ్డాడు.

మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. ఏదో పేరుండాలని రాశాం సార్, ఆవిడకేం తెలుసు అన్నాడు. ఏదో పేరా, అయితే అసలు బాధ్యులెవరో స్టేషన్‌కొచ్చి చెప్పండి, మీ పేరు రాసుకోనా అన్నాడు ఎస్సై. మేనేజర్ కింద ఏదో పడిపోయినట్టు నేల వెతకడం మొదలుపెట్టాడు.

డైరెక్టర్ నా దగ్గరికొచ్చాడు. ఎండ ముదురుతోంది, ఇప్పుడేం చేయమంటావన్నాడు. బండ్లతో సహా షాట్ తీసుకోండి, లేకపోతే సామాను సర్దుకోండి, పదింటికి రోడ్డు వదిలెయ్యాలి అన్నాను. తలవంచకుండా ఎవరితోనైనా అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి.

బండ్లతోనే తీశాడు. హీరోయిన్ నడిచి వెళ్తుంటే వెనక పిన్ని తాళంచెవి అరగదీస్తూనే ఉంది. కెమెరా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

వెళ్తూ వెళ్తూ మేనేజర్, మీ ఆయనకి మా కంపెనీ గేటు మూసేసినట్టే అన్నాడు. అలాగేనండీ అన్నాను.

మార్చి 17

జరిగిందంతా మా ఆయనకి చెప్పాను. తప్పు చేశానా అని అడగలేదు. చేశావంటే నాకు కోపం వస్తుంది.

ఆయన కట్టు కింద దిండు సరిచేసుకున్నారు. తర్వాత అన్నారు, నేనూ ప్రతిచోటా మాటిచ్చేవాణ్ణి, షూటింగ్ రోజు మాత్రం ఆ వీధిలోకి వెళ్లేవాణ్ణి కాదు అని. అత్తయ్య వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతున్నారు. ఇంటికి తిండి పెట్టేది మాటలు కాదే అన్నారు. నిజమే. అయినా తినేటప్పుడు నా కంచంలో ఆవిడే ఇంకో గరిటె వేశారు.

మార్చి 29

ఇంకో కంపెనీ నుంచి నాకే ఫోన్. పర్మిషన్ తెచ్చిపెట్టాలట, గడిలో పేరు మాత్రం వాళ్లే రాసుకుంటారట. నా పేరైతేనే తెస్తానన్నాను. అవతల వాళ్లలో వాళ్లు ఏదో మాట్లాడుకుంటున్నారు, ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.

నేనూ పెట్టెయ్యలేదు.