ప్లైవుడ్ టవర్‌కి నాలుగు గొట్టాలు

జూన్ 3
మా ఆయన శ్రీనుకి సినిమా వచ్చింది! ఇన్నాళ్లూ ఎవరో ఒకరి కింద అసిస్టెంటు. ఇప్పుడు ఆర్ట్ డైరెక్టర్ — టైటిల్లో ఒక్కడి పేరే. కథ ఒక పాతకాలపు రిఫైనరీది. ఫిల్మ్ నగర్‌లో సెట్టు. డైరెక్టర్ గారు పెరిగింది విశాఖలో, వాళ్ల నాన్న రిఫైనరీలోనే చేశారట. పదమూడున వచ్చి చూస్తారు. తప్పుంటే వేరేవాళ్లను పెట్టుకుంటానని మొహం మీదే చెప్పారట. శ్రీను ఇదంతా నవ్వుతూ చెప్పాడు. నేను మాత్రం క్యాలెండర్లో పదమూడు చుట్టూ గీత గీశాను.

జూన్ 4
నేను కాలేజీలో ఏటా చెప్పే కెమిస్ట్రీ పాఠమే. ఇంట్లో శ్రీనుకి చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

పూర్వం ఒకటే బాన. ముడిచమురు పోసి కింద మంట. తేలికది ముందు ఆవిరవుతుంది, దాన్ని చల్లార్చి పట్టుకోవాలి. మంట పెంచితే కిరోసిన్. చివరికి అడుగున తారు. మంట ఆర్పి, గీకి, మళ్లీ మొదలు. తర్వాత బానల్ని వరసగా పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి పారించారు. ఆపైన టవర్ వచ్చింది, లోపల ఒకదానిపై ఒకటి పళ్లేలు — మంట ఆర్పే పనే లేదు. వేడి చమురు వస్తూనే ఉంటుంది, బరువైనది కిందే ఆగుతుంది, తేలికది పళ్లేలు దాటుకుంటూ పైకి...

"జర సమజయ్యేటట్టు చెప్పు, టీచరమ్మా."

ఇడ్లీ పాత్ర తెచ్చి ముందు పెట్టాను.

"గింతేనా! గిది ముందే చెప్పొద్దా?" ఇడ్లీ రేకుకి ముద్దు పెట్టాడు, పిచ్చోడు.

జూన్ 8
ఇంటికి రావడమే లేదు. ఫోన్లో సుత్తుల చప్పుడు, మధ్యలో "తిన్నవా?"

జూన్ 11
క్యారియర్ పట్టుకుని సెట్టుకి వెళ్లాను. అబ్బ, ఏం కట్టాడు! అంతా ప్లైవుడ్డే. అయినా రంగుతో వేసిన ఆ తుప్పు చీరకి అంటుతుందేమోనని ఒదిగి నడిచాను. పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి పూజ కూడా చేసేశారు.

తర్వాత చూశాను. కింద నుంచి పైదాకా పళ్లేలు, బయటికి మాత్రం పైన ఒక్కటే గొట్టం. అయ్యో రామా... ఇడ్లీ పాత్రే కట్టాడు! ఇడ్లీ ఏ రేకులోనైనా ఇడ్లీయే. ఇక్కడ ఒక్కో ఎత్తులో ఒక్కో సరుకు దిగాలి — పైన పెట్రోలు, దాని కింద కిరోసిన్, ఆ కింద డీజిల్, అడుగున తారు. ఆ ముక్క నేను చెప్పలేదు.

"ఎట్లున్నదే?"

ఆ కళ్లు చూసి అబద్ధం ఆడేద్దామనుకున్నాను. నోరు రాలేదు. చెప్పేశాను. టవర్ కింద కూలబడ్డాడు. కాసేపటికి క్యారియర్ విప్పి, మొదటి ముద్ద నా నోట్లో పెట్టాడు.

"ఏడ్వకు. గొట్టాలే గదా."

ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

జూన్ 12
వడ్రంగి మేస్త్రీ రంపం పట్టనంటాడు. "పూజైనంక కోస్తే మంచిగుండది సార్. నేనైతే ముట్ట." శ్రీను బతిమాలాడు. నేనూ బతిమాలాను. చివరికి మేస్త్రీయే దారి చెప్పాడు — "అమ్మతోని ఇంకో కాయ కొట్టియ్యండి. కొత్త సెట్టు లెక్క."

కొట్టాను. మొదటి దెబ్బకి పగల్లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. రెండో దెబ్బకి పగిలింది, హమ్మయ్య. సాయంత్రానికి నాలుగు గొట్టాలు. అడుగుదానికి రంగు నేనే వేశాను.

జూన్ 13
డైరెక్టర్ గారు వచ్చారు. చుట్టూ తిరిగారు. గొట్టాలు ఒక్కొక్కటే చూశారు. కారెక్కబోతూ — "రేపు నాన్నగారిని తీసుకొస్తానండీ. ఆయన చూసి చెప్పాలి."

"పోతే పోనియ్యి. మల్ల అసిస్టెంటుగ చేస్త" అంటున్నాడు శ్రీను. అబద్ధాలకోరు. ఈయన చేతులు చల్లబడిపోయాయి. ఒకటి నా ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను. ఇంకొకరి వెనకాల నిలబడ్డ ఈ మనిషిని మళ్లీ చూడాలంటే నా వల్ల కాదు.

కాలేజీకి సెలవు పెట్టాను. రేపు ఆ పెద్దాయన టవర్‌ని చూస్తారు. నేను ఈయన్ని చూస్తూ ఉంటాను...